మూడడుగులు వెనక్కి

ఎల్లాజీ ఏది రాసినా, రాశాక మూడడుగులు వెనక్కి వేస్తాడు. ఎడమ కన్ను మూస్తాడు. కుడి కంటితో చూస్తాడు. తర్వాత ‘ఊఁ’ అంటాడు, లేదా కుంచె మళ్లీ రంగులో ముంచుతాడు.

పడవ మీద పేరు రాసినప్పుడు ఆ మూడో అడుగు ఇసుకలో పడేది. గోడ మీద రాసినప్పుడు రోడ్డు మీద పడేది. ఒకసారి ఆ అడుగు కోసం శ్రీకాకుళం బస్సు ఆగింది. డ్రైవరు దిగి తిట్టాడు. ఎల్లాజీ ఒక కన్ను మూసుకునే విన్నాడు.

అతను కళింగపట్నంలో పుట్టాడు. తండ్రి, తాత, మేనమామలు అందరూ చేపల వేటకు వెళ్లినవాళ్లే. ఎల్లాజీ కూడా వెళ్లాడు, రెండుసార్లు. రెండుసార్లూ వాంతులు చేసుకున్నాడు. మూడోసారి తండ్రి అతన్ని పడవ ఎక్కనివ్వలేదు. ఒడ్డున ఉండి పడవ మీద పేరు రాయమన్నాడు. పదహారో ఏట అలా అతనికీ సముద్రానికీ ఒప్పందం కుదిరింది. అది నీళ్లలో ఉంటుంది, అతను ఒడ్డున ఉంటాడు.

గోడ రాతకు అతనిది ఒకటే సూత్రం. బస్సులో పోయేవాడు తల తిప్పి చూసేలోపు మూడు సంగతులు తెలియాలి: ఎవరు, ఏం అమ్ముతారు, ఎక్కడ. నాలుగోది రాయమంటే రాసేవాడు కాదు.

“బస్సు ఆగదు బాబూ,” అనేవాడు.

ఇరవై ఏళ్లు అలా గడిచాయి. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. ఫ్లెక్సీకి సూత్రం లేదు. ఎంత గుడ్డ ఉంటే అన్ని తలకాయలు. పెళ్లికీ, పుట్టినరోజుకీ, కొత్త బోరుకీ, అమ్మవారి పండక్కీ ఫ్లెక్సీ కట్టడం మొదలైంది. దాంతోపాటు ఊళ్లో ఒక ఆచారం కూడా పుట్టింది. ఊరి పెద్దల్లో ఎవరి ఫోటో ఉంటే ఆ పనికి ఆయన ఒప్పుకున్నట్టు. లేకపోతే ఒప్పుకోనట్టు. ఆయన ఒప్పుకోని పనికి ఆయన పడవలవాళ్లు రారు. అందుకని జాగ్రత్త కోసం అందరి ఫోటోలూ వేసేవారు. పండగ ఏ తేదీనో రాయడానికి కొన్నిసార్లు చోటు మిగిలేది కాదు. ఆ తేదీ ఎలాగూ అందరికీ తెలుసు.

ఎల్లాజీ కుంచెలు ఎండిపోయాయి. రెండువేల పధ్నాలుగులో, నలభై రెండేళ్ల వయసులో, అతను శ్రీకాకుళం వెళ్లి పదిహేను రోజుల కోర్సులో చేరాడు. జిరాక్సు దుకాణం పైన మేడ మీద గది, ఆరు కంప్యూటర్లు. వెబ్‌సైటు కట్టడం నేర్పేవాడి పేరు త్రినాథ్. ఎల్లాజీలో సగం వయసు ఉంటుంది. అతన్ని ‘గురువుగారూ’ అని పిలవడానికి ఎల్లాజీకి నాలుగు రోజులు పట్టింది.

చివరి రోజు త్రినాథ్ అయిదు మాటలు చెప్పి రాసుకోమన్నాడు.

“పేజీ ఎవరి కోసమో ముందు తెలుసుకో. మొదటి పేజీలో తక్కువ పెట్టు. ఫోన్ నెంబరు పైనే పెట్టు. ఫోటోలు కొన్నే పెట్టు, అవీ చిన్నవి చెయ్యి. అంతా అయ్యాక నీకు తెలియనివాడి చేతికిచ్చి చూడు.”

ఎల్లాజీ రాసుకున్నాడు. ఇంటికొచ్చి ఆ అయిదు మాటలనూ పెద్ద అట్ట మీద ఎర్ర రంగుతో, పసుపు అంచుతో, ప్రతి అక్షరానికీ నల్ల నీడ వేసి మళ్లీ రాశాడు. అద్దం కట్టించి దుకాణంలో కంప్యూటరు పైన తగిలించాడు. మూడడుగులు వెనక్కి వేసి చూశాడు. చాలా బాగుంది. వచ్చినవాళ్లందరూ అక్షరాలు బాగున్నాయన్నారు. ఏం రాసి ఉందో ఎవరూ చదవలేదు. కొన్నాళ్లకి ఎల్లాజీ కూడా చదవడం మానేశాడు.

గురమ్మ అతనికి అక్క, ఎనిమిదేళ్లు పెద్ద. అతను అప్పా అని పిలుస్తాడు. పడవలు ఒడ్డుకు రాగానే గంపల లెక్కన నెత్తళ్లు కొని, ఎండబెట్టి అమ్మడం ఆమె పని. వేలెడంత చేపలు అవి. ఊళ్లో అందరూ ఇసుక మీద ఆరబోస్తారు. గురమ్మ మాత్రం కర్రలు పాతి, వాటికి మోకాలెత్తున పాత వల కట్టి, దాని మీద ఆరబెడుతుంది. పని రెండింతలు. కాని ఆమె చేపలో ఇసుక ఉండదు.

ఏటా పార్వతీపురం నుంచి వ్యాను తెచ్చి కొనుక్కుపోయే వ్యాపారి రెండువేల పదిహేనులో కాళ్ల నొప్పులతో ఇంట్లో కూర్చున్నాడు. మార్చి నాటికి గురమ్మ పాకలో ముప్పై రెండు బస్తాలు చేరాయి. జూన్ వానలోగా అవి పోవాలి. తడిగాలి తగిలిన నెత్తళ్లు కోళ్ల మేతకు తప్ప ఎందుకూ పనికిరావు. కొత్తవలసలో నరసింగరావు అనే ఏజెంటు ఉన్నాడని, కొండ మీది సంతలకు ఎండు చేపలు రైల్లో పంపిస్తాడని ఎవరో చెప్పారు. గురమ్మ ఫోన్ చేసింది. కొండ మీద ఆ సరుకు కొనే జయపురం షావుకారు ఇప్పుడు ఏదైనా ఫోన్లో చూసి గాని తెప్పించుకోవడం లేదని, మీకు వెబ్‌సైటు ఉందా అని నరసింగరావు అడిగాడు.

“ఉన్నాది,” అంది గురమ్మ. ఫోన్ పెట్టేసి తమ్ముడి దుకాణానికి నడిచింది.

“ఒరే, సైటంటే ఏటి?”

“గోడలాంటిదప్పా. దేశమంతా సూస్తాది.”

“అయితే నాకొకటి కట్టు. బేగి.”

మూడు రోజుల్లో పేజీ తయారైంది. నీలం నేల మీద పసుపు అక్షరాలు. పేరు, సరుకు, ఊరు, ఫోన్ నెంబరు. పక్కన నెత్తళ్ల ఫోటో ఒకటి. ఎల్లాజీ మూడడుగులు వెనక్కి వేసి ‘ఊఁ’ అన్నాడు.

అప్పుడు కులపెద్ద సోములు వచ్చాడు. ఆయనకు డెబ్బై ఏళ్లు, నాలుగు పడవలు, ఫ్లెక్సీ కోసం ప్రత్యేకంగా తీయించుకున్న ఒక ఫోటో ఉన్నాయి.

“ఒరే ఎల్లాజీ, గురమ్మకి దేశమంతా సూసేది ఏదో ఏత్తన్నావట?”

“అవును మావా.”

“అందులో నానెక్కడున్నాను?”

ఎల్లాజీ తెర వైపు చూశాడు.

“ఇది సేపల కోసం మావా.”

“సేపలు ఎవుల పడవలో వచ్చేయి?”

సోములు ఫోటో ఎక్కింది. సాయంత్రానికి ఆ కబురు లక్ష్ముడికి అందింది. లక్ష్ముడికీ నాలుగు పడవలే. ఆయన పెన్‌డ్రైవ్‌తో సహా వచ్చాడు.

“సోములు కుడి పక్కనుంటే నాను ఎడమ పక్కనుంటానేటి? నాకంటే ఆడు మూడు నెల్లు సిన్న.”

ఎల్లాజీ రెండు రోజులు ఆలోచించాడు. కోర్సులో నేర్పిన విద్య గుర్తొచ్చింది. ఇద్దరినీ ఒకే చట్రంలో పెట్టి, రెండు సెకన్లకొకసారి మారే బొమ్మగా చేశాడు. ఇప్పుడు కుడి పక్కన ఉన్నది ఎవరని అడిగితే, ఎప్పుడు చూశావు అని అడగాలి. ఇద్దరూ తృప్తి పడ్డారు. ఊళ్లో ఇంత న్యాయమైన తీర్పు ఎవరూ ఎరగరు.

ఆ తర్వాత మిగతావాళ్లు వచ్చారు. పడవల యజమానులు, వల పెద్దలు, గుడి కమిటీ, అల్లుళ్లు. ఎల్లాజీ ఎవరినీ కాదనలేదు. ఈ గోడ చిన్నది కాదు, కిందికి ఎంతయినా పోతుంది. అందరికంటే పైన అమ్మవారు. కింద మర్యాద ప్రకారం ముప్పై నాలుగు ఫోటోలు, ఒక్కొక్కదానికీ చుట్టూ పూలదండ చట్రం. ఫోటోలు చిన్నవి చేయమన్నాడు గురువు. ఎవరిది చేస్తాడు? కింది మూలన ‘డిజైన్: ఎల్లాజీ’ అని తన ఫోటో కూడా పెట్టుకున్నాడు. అది గుండ్రంగా తిరుగుతుంది. చేప ఫోటో ఒకటి ఉండాలి కనుక ఉంది. ఫోన్ నెంబరు అల్లుళ్ల కిందికి జరిగింది.

ఈసారి మూడడుగులు వెనక్కి వేయడం కుదరలేదు. వెనక జనం నిలబడి ఉన్నారు.

ఇక ప్రచారం. దానికి ఎల్లాజీ పాత కుంచె తీశాడు. వెబ్‌సైటు చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో పదకొండు పడవల వెనక రాశాడు. నెల పాటు అవి ఆ చిరునామాను తీరానికి పది మైళ్ల దూరం వరకూ మోసుకుపోయాయి. అక్కడ దాన్ని చదవగలిగినవి నెత్తళ్లే. ఏప్రిల్ నడుమ, ప్రభుత్వం ఏటా పెట్టే వేట నిషేధం రాగానే పడవలు ఒడ్డెక్కాయి. చిరునామా మళ్లీ ఊరి వైపు తిరిగింది. సంతరోజు ఆటోకి మైకు కట్టించాడు. “డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ” అని మైకు మూడు వీధులు తిరిగింది. ఎవరో పాప తప్పిపోయిందనుకుని ఇద్దరు ముసలమ్మలు బయటికొచ్చారు.

పేజీ అడుగున చూసినవాళ్ల లెక్క చూపించే అంకెల పెట్టె ఉంది. సున్నాతో మొదలుపెడితే బోణీ కాని దుకాణంలా ఉంటుందని ఎల్లాజీ దాన్ని వెయ్యితో మొదలుపెట్టాడు. మే నెలకి అది నాలుగు వేలు దాటింది. ఊళ్లో ప్రతివాడూ రోజూ తెరిచి తన ఫోటో చూసుకుంటున్నాడు. సోములుకి ఫోన్లో చూడటం రాదు. అందుకని పొద్దున్నే టీ తాగి దుకాణానికి వచ్చి, రెండు సెకన్లు తనని తాను చూసుకుని, లక్ష్ముడు రాగానే కళ్లు తిప్పుకునేవాడు.

“అప్పా, నాలుగు వేల మంది సూసినారు,” అన్నాడు ఎల్లాజీ.

“అందరూ సూసినారు. కొన్నోడేడీ?”

ఎల్లాజీ అంకెల పెట్టె వైపు చూశాడు. దానికి ఆ సంగతి తెలియదు.

మే ఆఖరి వారంలో మబ్బు పట్టింది. ముప్పై రెండు బస్తాలూ పాకలోనే ఉన్నాయి. గురమ్మ ఒక గుడ్డ సంచిలో నాలుగు గుప్పెళ్ల నెత్తళ్లు కట్టుకుని, తమ్ముణ్ని వెంటబెట్టుకుని, తెల్లారగట్ల బస్సెక్కింది. ఆమదాలవలసలో రైలెక్కి, మధ్యాహ్నానికి కొత్తవలసలో దిగారు. నరసింగరావు దుకాణం స్టేషను వెనక ఉంది. ఆయన లావుపాటి మనిషి, నిదానస్తుడు. సంచి విప్పి ఒక చేప నోట్లో వేసుకుని కళ్లు మూసుకుని నమిలాడు.

“ఇసక తగల్లేదమ్మా,” అన్నాడు.

“తగల్దు బాబూ. వల మీద ఎండబెడతాను.”

“ఈ మాట ఎక్కడైనా రాసేరా? పోయినేడు ఇసక సరుకు అంటగట్టేరని జయపురం షావుకారు మండిపోతన్నాడు. మీ సైటు పేరు సెప్పేను. రేపు పది గంటలకి సూస్తాడు. నచ్చితే అందులో నెంబరు సూసి ఆయనే సేస్తాడు. మధ్యలో నా మాట కూడా ఇనడు. నచ్చకపోతే భీమిలి సరుకు ఎత్తించేయమన్నాడు. ఉండండి, నానూ సూడనేదు.”

ఆయన ఫోన్ తీసి తెరిచాడు. సిగ్నలు రెండు గీతలు. పేజీ పైనుంచి కిందికి, వాన నీరు గోడ మీద దిగినట్టు, మెల్లగా దిగింది. ముందు అమ్మవారు. నరసింగరావు చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత పూలదండ. దండ మధ్య సోములు.

“అయ్యో. ఈ పెద్దాయన ఎప్పుడు పోయేరు?”

“పోనేదు బాబూ,” అంది గురమ్మ. “పొద్దున్న బస్సు దగ్గిర నాకు టాటా సెప్పేడు.”

సోములు పోయి లక్ష్ముడు వచ్చాడు.

“ఈయనా?”

“ఈయనా ఉన్నాడు.”

నరసింగరావు బొటనవేలితో తోస్తూ పోయాడు. దండల మధ్య ముఖాలు ఒక్కొక్కటే వచ్చాయి. ప్రతి ముఖం దగ్గరా ఆయన కొంచెం ఆగాడు. మర్యాదస్తుడు. చివరికి అలసిపోయి ఫోన్ బల్ల మీద పెట్టాడు.

“ఇంతమంది పెద్దమనుషులున్నారు. సేప ఏదీ?”

ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ మూడడుగులు వెనక్కి వేశాడు. మూడో అడుగు దుకాణం గుమ్మం బయట పడింది. ఎడమ కన్ను మూశాడు. బల్ల మీది ఫోన్ అక్కణ్నుంచి అరచేయంత కనిపించింది. అందులో ఒక పూలదండ, దండ మధ్య ఒక మీసం. ఎవరు, ఏం అమ్ముతారు, ఎక్కడ. బస్సు వెళ్లిపోయింది.

అయిదో మాట అప్పుడు గుర్తొచ్చింది. తెలియనివాడి చేతికివ్వమన్నాడు త్రినాథ్. కళింగపట్నంలో తెలియనివాడు లేడు.

తిరుగు రైల్లో గురమ్మ ఖాళీ సంచి మడిచి ఒళ్లో పెట్టుకుంది. చీపురుపల్లిలో రైలు ఆగింది. ఆగాక అంది:

“నాను సేపలమ్మమన్నాను. నువ్వు ఊరినమ్మేవు.”

“ఫోటోలు తీసేస్తే మావలు ఊరుకుంటారేటప్పా? నిషేధం అయ్యేక పడవలొస్తే నీకొక్క గంప ఇవ్వరు.”

“ఇవ్వకపోతే అప్పుడు ఏడుస్తాను. ఉన్నవి పుచ్చిపోతే ఇప్పుడే ఏడవాల. ఏది ముందు?”

రైలు కదిలింది. ఎల్లాజీ కిటికీలోంచి చూశాడు. స్టేషను దాటాక ఒక గోడ మీద ఎవరో ఎప్పుడో రాసిన ఇటుకల వ్యాపారం పేరు కనిపించి పోయింది. పేరు, సరుకు, ఊరు. అన్నీ చదవగలిగాడు.

మర్నాడు ఉదయం ఆరింటికి దుకాణం తెరిచాడు. సిగ్నలు కోసం నెట్ డాంగిల్‌ని వైరుతో కిటికీకి వేలాడదీశాడు. ఫోటోలు పెట్టేటప్పుడు ఎవరు ముందో ఊరికి తెలుసు. తీసేటప్పుడు ఎవరు ముందో ఆచారం లేదు. ఎల్లాజీ కాసేపు కూర్చుని, తన ఫోటో ముందు తీశాడు. అది తిరుగుతూ తిరుగుతూ పోయింది. తర్వాత అల్లుళ్లు. తర్వాత గుడి కమిటీ. ఒక్కొక్కరి దగ్గరా కంప్యూటరు ‘నిజంగా తీసేయమంటారా?’ అని అడిగింది. ఊళ్లో ఎవరూ అతన్ని అంత మర్యాదగా ఏదీ అడగలేదు. ప్రతిసారీ అవునన్నాడు. చివర మారే బొమ్మ మిగిలింది. ఒక్క నొక్కుకి సోములూ లక్ష్ముడూ కలిసే వెళ్లారు. అమ్మవారికి దణ్ణం పెట్టి ఆమెనూ పంపించాడు. అడుగున ఉన్న అంకెల పెట్టెను కూడా తీసేశాడు.

నీలం నేల మీద పసుపు అక్షరాలు రాశాడు. ‘ఇసుక లేని ఎండు నెత్తళ్లు. వల మీద ఎండబెట్టినవి. గురమ్మ, కళింగపట్నం.’ పైన ఫోన్ నెంబరు. పక్కన చేప. అప్పటికి తొమ్మిదిన్నర.

లేచి ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండు. మూడో అడుగు సోములు కాలి మీద పడింది.

ఆయన టీ తాగి వచ్చాడు. తెర వైపు చాలాసేపు చూశాడు. రెండు సెకన్లు గడిచాయి. ఇంకో రెండు గడిచాయి.

“నా ఫోటో ఏదిరా?”

“తీసేను మావా.”

“లక్ష్ముడిది?”

“తీసేను.”

“ఎవులిది ముందు?”

“నాది ముందు. ఆ తర్వాత అందరివీ.”

“ఆడిదీ నాదీలో?”

ఎల్లాజీ బల్ల ముందుకు జరిపాడు.

“ఆఖరి దాకా నిలబడింది నువ్వే మావా.”

సాయంత్రం లక్ష్ముడు వచ్చి అడిగినా ఈ మాటే చెప్పవచ్చు. నిజం కంప్యూటరుకి తెలుసు. అది ఎవరికీ చెప్పదు.

సోములు బల్ల మీద కూర్చున్నాడు. కోపం రావాలా అక్కర్లేదా అని ఆలోచిస్తున్నట్టు ఉన్నాడు. ఆయన చూపు మెల్లగా పసుపు అక్షరాల మీద పడింది. ఆయన కళ్లకి ఆనేంత పెద్దవి. ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదివాడు. రెండు నెలలుగా రోజూ చూస్తున్న పేజీని ఆయన చదవడం అదే మొదలు.

“ఈ నెంబరు మన గురమ్మదే?”

“అవును.”

“నిజంగా మోగుతాదేటి?”

ఎల్లాజీ అడ్డుకునేలోపు ఆయన తన ఫోన్ తీసి ఒక్కొక్క అంకే నొక్కాడు. స్పీకరు ఎప్పుడూ పెట్టే ఉంటుంది. అవతల గురమ్మ మొదటి గంటకే ఎత్తింది.

“బాబూ, జయపురమా?”

“నానే గురమ్మా. సోముల్ని. నీ సైటు సూసి సేస్తన్నాను.”

“ఓలమ్మో! మావా, పెట్టీ! పెట్టీ ఫోను! టైమెంతయిందో తెల్సా నీకు?”

ఆయన కంగారుగా పెట్టేశాడు. గోడ గడియారంలో పది అవడానికి నాలుగు నిమిషాలున్నాయి. ఇద్దరూ దాని వైపు చూస్తూ కూర్చున్నారు. గురమ్మ పాక దుకాణం వెనకే. గాలి అటునుంచి వీస్తోంది, చేప వాసనతో, తడిగా.

పది దాటింది. పదీ అయిదు అయింది. సోములు దగ్గి, మళ్లీ చేసి చూడమంటావా అన్నట్టు ఫోన్ ఎత్తాడు. ఎల్లాజీ దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని బల్ల మీద బోర్లించాడు.

పదీ పన్నెండుకి పాక లోంచి గురమ్మ గొంతు వినిపించింది. ఫోన్లో దూరం వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆమె ఎంత దూరమైతే అంత గట్టిగా మాట్లాడుతుంది.

“ఆఁ బాబూ! గురమ్మనే! ఉన్నాయి బాబూ! ముప్పై రెండు! ఇసకా? నమిలి సూడండి బాబూ, నరసింగరావుగార్నడగండి!”

సోములు మీసం సవరించుకున్నాడు.

“ఒరే, ఇప్పటికి ఎంతమంది సూసినారో సూడు.”

ఎల్లాజీ వంగి పేజీ అడుగున అంకెల పెట్టె కోసం వెతికాడు. అక్కడ నీలం తప్ప ఏమీ లేదు. గోడకు తగిలించిన అయిదు మాటల అట్ట వైపు ఒకసారి చూసి, బస్తాలు మోయడానికి పాక వైపు నడిచాడు.